ధ్యేయం వెతకబోయిన కొమ్ముకాసిరి

అనగనగా, కొండకీ వాగుకీ మధ్య ఇరుక్కుని ఒక అడవి ఉండేది. ఆ అడవిలో ఒక ముసలి బూరుగు చెట్టు. ఆ చెట్టుకి ఒక తొర్ర. ఆ తొర్రకి ఒక మట్టిగోడ. ఆ గోడకి ఒక సన్నటి కంత. ఆ కంతలోంచి ఎప్పుడూ ఒక ముక్కు బయటికి కనిపిస్తూ ఉండేది. ఆ ముక్కు పొన్నమ్మది.

పొన్నమ్మ కొమ్ముకాసిరి పిట్ట. మీలో చాలామంది కొమ్ముకాసిరిని చూసి ఉండరు. బూడిదరంగు పిట్ట, ఇంచుమించు గద్దంత ఉంటుంది. పొడుగాటి వంకర ముక్కు. ఆ ముక్కు మీద ఇంకో చిన్న కొమ్ము. దేవుడు ముక్కు పెట్టేసి, చాలదేమోనని అనుమానం వచ్చి, పైన ఇంకాస్త అతికించినట్టు ఉంటుంది.

ఈ పిట్టల ఇంటి పద్ధతే వేరు. గుడ్లు పెట్టే వేళకి ఆడపిట్ట తొర్రలోకి వెళ్లి కూర్చుంటుంది. మగపిట్ట వాగు ఒడ్డునుంచి మట్టి తెచ్చి ఇస్తాడు. ఆవిడ ఆ మట్టితో లోపలినుంచి గుమ్మం మెత్తేసుకుంటుంది. ముక్కు పట్టేంత కంత మాత్రం వదులుతుంది. ఇక పాము రాలేదు, ఉడుము రాలేదు. లోపల ఉండగానే ఆవిడ పాత ఈకలన్నీ రాల్చేసుకుని కొత్తవి మొలిపించుకుంటుంది. అంటే ఆ రోజుల్లో బయటికొచ్చినా ఎగరలేదన్నమాట. ఆవిడకీ పిల్లలకీ కావలసిన తిండంతా మగపిట్ట తెచ్చి ఆ కంతలోంచి అందించాల్సిందే. లోపల కూర్చోవడం ఆవిడ పని, బయట తిరగడం ఆయన పని. ఇందులో ఎవరి పని కష్టమని మాత్రం అడక్కండి. ఆ చర్చ మొదలైన ఇంట్లో పొద్దున్నే కాఫీ ఆలస్యమవుతుంది.

పొన్నమ్మ మొగుడి పేరు కాసిరయ్య. నడివయసు వాడు, నెమ్మదస్తుడు. తెల్లారగానే జువ్విచెట్టుకి వెళ్లేవాడు. గొంతు నిండా పళ్లు మింగేవాడు. బూరుగు చెట్టుకి వచ్చేవాడు. లోపలినుంచి పొన్నమ్మ ముక్కుతో టకటకా కొట్టేది. ఒక్కో పండే గొంతులోంచి పైకి తెచ్చి, బస్సులో టిక్కెట్లు చింపి ఇచ్చే కండక్టరులా, కంతలోంచి అందించేవాడు. మళ్లీ జువ్విచెట్టు. మళ్లీ బూరుగు. మధ్యలో ఎప్పుడైనా ఒక బల్లి దొరికితే ఆ రోజు పండగ.

గుడ్లు పిల్లలయ్యాయి. ఒకటి గడుసుది, ఒకటి నాజూకుది, మూడోది ఎప్పుడూ నిద్రే. కాసిరయ్యకి వాటి మొహాలు తెలియవు. ముక్కుల కొనలు తెలుసు, గొంతులు తెలుసు.

ఒకరోజు జువ్విచెట్టుకీ బూరుగుకీ మధ్య, సరిగ్గా వాగు మీద ఎగురుతుండగా, అతని రెక్కలు నీరసించాయి. పొద్దున జువ్విచెట్టు, మధ్యాహ్నం జువ్విచెట్టు, సాయంత్రం జువ్విచెట్టు. నేను పుట్టింది ఇందుకేనా అనుకున్నాడు.

ఇదివరకు అడవుల్లో ఈ ప్రశ్న ఉండేది కాదు. ఏనుగుకి ఆకలి ఉండేది, పులికి కోపం ఉండేది, కుందేలుకి భయం ఉండేది. వాటితోనే తెల్లారిపోయేది. ఈమధ్య అందరికీ ధ్యేయం కావాల్సి వస్తోంది. ధ్యేయం లేదని చెబితే గజ్జి ఉందని చెప్పినట్టు అవతలివాళ్లు జరిగి కూర్చుంటున్నారు. కాసిరయ్యకి ఆ బెంగ పట్టుకుంది.

ఎవరినైనా పెద్దవాళ్లని అడుగుదామని ముందుగా కోకిల దగ్గరికి వెళ్లాడు. ఆయన పేరు వసంతరావు. మామిడిచెట్టు చిటారుకొమ్మన ఉంటారు. మంచి గాయకులని పేరు. కాసిరయ్య తన బాధంతా చెప్పుకున్నాడు. వసంతరావుగారు కళ్లు మూసుకుని విని, ఇష్టమైన పనినే వృత్తిగా పెట్టుకోవాలని, ఇష్టంలేని పనిని రెక్కతో కూడా తాకకూడదని బోధించారు. తనకి పాట ఇష్టమట. అందుకని పాట తప్ప ఇంకేమీ ముట్టుకోరట.

"మరి మీ పిల్లలండీ?" అన్నాడు కాసిరయ్య.

"మంచి రెసిడెన్షియల్‌లో వేశాం" అన్నారు వసంతరావుగారు. "గుడ్డుగా ఉన్నప్పుడే సీటు దొరికింది."

అది కాకి గూడని అడవిలో అందరికీ తెలుసు. ఆ సంగతి కాకికి మాత్రం ఎవరూ చెప్పలేదు.

కాసిరయ్య ఒక కొమ్మ మీద కూర్చుని తనకి ఏమిష్టమో ఆలోచించాడు. ఏమీ తోచక పాడి చూశాడు. కొమ్ముకాసిరి గొంతు ఎలా ఉంటుందంటే, నూనె వెయ్యని బావి గిలక తిరిగినట్టు ఉంటుంది. కింద మేస్తున్న దుప్పులు తలెత్తి చూసి వేరే మేతకి వెళ్లిపోయాయి. అతను సిగ్గుపడి లేచేసరికి పొద్దు వాలిపోతోంది. ఆ సాయంత్రం పళ్లు ఆలస్యంగా అందాయి.

రెండోసారి తాబేలు దగ్గరికి వెళ్లాడు. ఆవిడని అందరూ స్థిమితమాత అంటారు. వాగు ఇసుకలో ఒక పొద కింద ఉంటుంది. ఎంత వయసో ఆవిడకే తెలియదు. కాసిరయ్య చెప్పింది విని, ఆగమని, కదలవద్దని, లోపలికి చూసుకోమని చెప్పి, తలా కాళ్లూ డిప్పలోకి లాక్కుంది. తర్వాతి మాట చెబుతుందేమోనని కాసిరయ్య ఎదురుచూశాడు. తనూ తల లోపలికి లాక్కోవాలని ప్రయత్నించాడు. అంత ముక్కున్నవాడికి అది అయ్యే పనేనా? మెడ పట్టేసింది.

ఎండ నెత్తికెక్కి, నెత్తి దిగి, పడమటికి జరిగాక తాబేలు తల బయటపెట్టి, ఇంకా ఇక్కడే ఉన్నావా నాయనా అంది. ఆకలి గురించి, పిల్లల గురించి ఏదో అడగబోయాడు. తను గుడ్లని ఇసుకకి అప్పగించానని, ఇసుకే చూసుకుంటుందని, ఆ తర్వాత అటు తిరిగి చూడలేదని, అందుకే తన మనసింత నిర్మలంగా ఉందని ఆవిడ చెప్పింది.

ఆ రోజు మధ్యాహ్నం పళ్లు అసలే అందలేదు. సాయంత్రం కాసిరయ్య మెడ వంకరగా పెట్టుకుని గూటికి వచ్చాడు.

"ఏమయ్యా, మధ్యాహ్నం ట్రిప్పు ఎగ్గొట్టావు?" అంది పొన్నమ్మ లోపలినుంచి.

"ఆలోచించుకుంటూ ఉండిపోయాను."

"దేని గురించి?"

"నేనెందుకు పుట్టానా అని."

"మీ అమ్మ ఓపిగ్గా పొదిగింది కాబట్టి" అంది పొన్నమ్మ. "ఇంకో పండు ఇలా ఇయ్యి. మెత్తటిది చూసి ఇయ్యి. రెండోది గట్టివి మింగలేకపోతోంది."

ఇలాంటి జవాబు చెప్పే మనిషితో ధ్యేయం గురించి ఏం మాట్లాడతామని కాసిరయ్య నొచ్చుకున్నాడు.

అప్పుడే రామచిలకల గుంపొకటి అడవంతా చాటింపు వేస్తూ వచ్చింది. కొండ అవతల నెమలి చంద్రహాసుడుగారు శిబిరం పెడుతున్నారట. రెండు మూడు రోజులు అక్కడే ఉండాలట. వెళ్లినవాళ్లకి చివరిరోజున ఎవరి ధ్యేయం వాళ్లకి తెలిసిపోతుందట. వెనక్కి తగ్గినవాళ్లకి తెలియదట.

కాసిరయ్య మనసు లాగేసింది. కానీ ఇంట్లో నాలుగు నోళ్లున్నాయి. ఏం చెయ్యాలా అని ఆలోచించి ఒక ఉపాయం కనిపెట్టాడు. అన్ని రోజులకీ సరిపడా తిండి ముందే లోపల వేసేస్తే సరి. ఆ మాట పొన్నమ్మతో చెప్పాడు. ఎండాకాలం ఉక్కలో జువ్విపండు పూట కూడా నిలవదని, ఏ పూట పండు ఆ పూటదేనని, తన తల్లీ అమ్మమ్మా కూడా అలాగే తిన్నారని ఆవిడ చెప్పింది. ఇలా ప్రతిదానికీ అడ్డుపుల్ల వెయ్యడం వల్లే తను ఎదగలేకపోతున్నానన్నాడు కాసిరయ్య. ఆ మాట చిలకలు చెబుతుంటే విన్నాడు. పొన్నమ్మ ముక్కు లోపలికి లాక్కుంది.

ఆ రోజంతా కాసిరయ్య జువ్విచెట్టుకీ బూరుగుకీ బాణంలా తిరిగాడు. పండు మీద పండు కంతలోంచి కుక్కాడు. లోపల కూర్చోవడానికి చోటు లేదని పొన్నమ్మ అంటున్నా కుక్కాడు. జువ్విచెట్టు సగం బోసిపోయింది. తెల్లారగానే మెడ సవరించుకుని కొండ దాటాడు.

శిబిరం బ్రహ్మాండంగా ఉంది. నున్నటి బండ మీద చంద్రహాసుడు పురి విప్పి నిలబడ్డాడు. ఆయన ఏం చెప్పినా బాగుండేది, ఎందుకంటే చెప్పేది ఎవరూ వినేవారు కాదు, అందరూ పింఛం చూసేవారు. నెమళ్లలో పిల్లల్ని పొదిగి పెంచేది ఆడనెమలి. ఆవిడ ఆ పక్కనే పొదల్లో పిల్లలకి చెదపురుగులు ఏరిపెడుతూ ఉంది. ఆవిడ పేరేమిటో శిబిరంలో ఎవరికీ తెలియదు.

వచ్చినవాళ్లలో తేనె మీద విరక్తి పుట్టిన ఒక ఎలుగుబంటి ఉంది. ఎటు పరిగెత్తుతోందో తెలియక అలసిపోయిన కుందేలు ఉంది. ఒంటరితనంతో బాధపడే ముళ్లపంది ఉంది. వాళ్లందరిచేతా చంద్రహాసుడు గట్టిగా ఊపిరి పీల్పించాడు, గంతులు వేయించాడు, నీలోని పింఛాన్ని విప్పు అని అరిపించాడు. పింఛం ఎక్కడుందో తెలియక కుందేలు తోక ఎత్తి చూసుకుంది.

కాసిరయ్య అన్నీ శ్రద్ధగా చేశాడు. ఒక్క సంగతి మాత్రం విచిత్రంగా ఉండేది. శిబిరం పక్కనే ఒక మేడిచెట్టు ఉంది. ఆకలేసి వెళితే రెండు పళ్లతో కడుపు నిండేది. అయినా అతని గొంతు ఊరుకునేది కాదు. ఇంకోటి, ఇంకోటి అని నింపేసుకునేది. తర్వాత అవి అరగక ఇబ్బంది పడేవాడు.

చివరిరోజు వచ్చింది. మధ్యాహ్నం నీడలు తూర్పుకి తిరిగే వేళకి ఒక్కొక్కరినీ బండ ఎక్కించి, మనసులోంచి పొంగుకొచ్చిన మొదటి మాటని లోకానికి చాటమన్నాడు చంద్రహాసుడు. అదే వాళ్ల ధ్యేయమట. దాన్నిబట్టి సాయంత్రం ఆయన బిరుదులిస్తాడు. ఎలుగుబంటి ప్రపంచశాంతి అంది. కుందేలు ధైర్యం అని అరిచి, తన అరుపుకి తనే బెదిరి బండ దిగిపోయింది. ముళ్లపంది అందరినీ గుండెలకి హత్తుకోవడమే తన ధ్యేయమంది. ముందు వరసలోవాళ్లు లేచి వెనక వరసలోకి వెళ్లారు.

కాసిరయ్య బండ ఎక్కాడు. ఊపిరి పీల్చాడు. మనసులోంచి మాట పొంగుకొస్తుందని నోరు తెరిచాడు. దూరంగా ఒక వడ్రంగిపిట్ట ఎండుకొమ్మ మీద టకటకా కొట్టింది.

అతని గొంతు కదిలింది. మాట రాలేదు. ఒక మేడిపండు వచ్చింది. ముక్కు కొనకి వచ్చి నిలబడింది. ఎవరో అందుకుంటారని నిలబడినట్టు నిలబడి, ఎవరూ అందుకోకపోయేసరికి బండ మీద పడింది. దాని వెనక ఇంకోటి. దాని వెనక ఇంకోటి. సభ అంతా గొల్లుమంది. ఎలుగుబంటి ప్రపంచశాంతి మరిచిపోయి నేలమీద దొర్లి నవ్వింది.

"ఏమిటది?" అన్నాడు చంద్రహాసుడు, చిన్నబుచ్చుకుని.

కాసిరయ్య ఆఖరి పండు వంక చూశాడు. మిగతావాటికన్నా బాగా మగ్గింది. "ఇది మా రెండోదానికండి" అన్నాడు. "అది మెత్తటివే తింటుంది."

ఆ మాట తన నోటే విని నీడల వంక చూశాడు. ఇది మధ్యాహ్నం వేళ. అక్కడ కంత దగ్గర ఎవరున్నారు? ఒక్కో పండూ ఏరి మళ్లీ మింగడం మొదలుపెట్టాడు. అందరూ చూస్తున్నారనే ధ్యాస కూడా లేదు.

"ఇప్పుడు వెళ్లిపోతే ఇన్నాళ్ల సాధనా మట్టిపాలు" అన్నాడు చంద్రహాసుడు. "సాయంత్రం దాకా ఓపిక పట్టు. నీ ధ్యేయం నీ చేతికి వస్తుంది."

"నాకు చేతుల్లేవండి. ఉన్నదంతా గొంతే" అని, ఆఖరి పండు మింగి, కాసిరయ్య లేచిపోయాడు.

కొండ ఎక్కేటప్పుడు రెక్కలు నొప్పెట్టాయి. దిగేటప్పుడు ఆ నొప్పి సంగతే గుర్తులేదు. దూరంనుంచే బూరుగు చెట్టు కనిపించింది. దగ్గరికి వచ్చి చూశాడు. చెట్టు మొదట్లో కుళ్లిపోయిన జువ్విపళ్లు కుప్పగా పడి ఉన్నాయి. పులిసిన కంపు. మొదలునుంచి తొర్రదాకా చీమల బారు. గోడ సగానికి విరిగిపోయి ఉంది.

జరిగిందేమిటంటే, కుక్కి పెట్టిన పళ్లు మొదటి ఎండకే పులిసిపోయాయి. పులుపు వాసనకి కండచీమలు వచ్చాయి. చీమలు పళ్లతో ఆగలేదు, ఈకలు రాని పిల్లల్నీ కుట్టాయి. కుళ్లిన పళ్లు బయటికి తొయ్యాలంటే కంత సరిపోలేదు. పొన్నమ్మ తను కట్టుకున్న గోడని తనే విరగ్గొట్టుకుంది. ఆ వాసన చీమలతోపాటు ఇంకొకరికి కూడా అందింది.

ఉడుము. పట్టయ్య అని పేరు. చెట్టు సగందాకా ఎక్కేశాడు. తొందరేమీ లేదు. నాలుక ఆడిస్తూ, ఒక్కో అడుగే వేస్తూ, అత్తారింటికి భోజనానికి వెళ్తున్న అల్లుడిలా ఎక్కుతున్నాడు.

విరిగిన గోడలోంచి కాసిరయ్యకి పొన్నమ్మ మొత్తం కనిపించింది. సగం ఈకలు లేవు. రెక్కలు మోడుల్లా ఉన్నాయి. వాటి కింద ముగ్గురు పిల్లలు. తిడుతుందనుకున్నాడు. ఆవిడ తిట్టలేదు.

"మట్టి" అంది.

కాసిరయ్య వాగుకి పరిగెత్తాడు, అదే, ఎగిరాడు. ముక్కు నిండా తడిమట్టి తెచ్చాడు. పొన్నమ్మ అందుకుని గోడకి మెత్తింది. అది ఏ మూలకీ రాలేదు. ఉడుము ఇంకో బారెడు ఎక్కాడు.

రెండోసారి తెచ్చాడు. గోడ కొంచెం లేచింది. ఉడుము తల తొర్ర అంచుకి వచ్చింది. కాసిరయ్య రెక్కలు టపటపలాడిస్తూ మీద పడ్డాడు, తోక పట్టి లాగాడు. ఉడుముపట్టు సంగతి మీకు చెప్పాలా? వెనకటికి కోటగోడలు ఎక్కడానికి దొంగలు ఉడుము నడుముకి తాడు కట్టి పైకి విసిరేవారట. నిజమో కాదో తెలియదు గానీ, అంతటి పట్టు. పట్టయ్య కదల్లేదు. వెనక్కి తిరిగి కూడా చూడలేదు. లోపలికి నాలుక పెట్టాడు. పొన్నమ్మ ఆ నాలుక మీద ముక్కుతో ఒక్కటిచ్చింది. నాలుక వెనక్కి పోయింది, తల మాత్రం అక్కడే ఉంది.

కాసిరయ్య మూడోసారి వాగుకి వెళ్లాడు. ఈసారి పట్టినంత కన్నా ఎక్కువ మట్టి తీసుకున్నాడు. వస్తూ ఉంటే సగం దారిలో తెలిసింది, ఇది గోడకి వేసే లోపల ఉడుము లోపల ఉంటాడని. అందుకని గోడకి వెయ్యలేదు. పైనుంచి నేరుగా దిగి, మట్టంతా పట్టయ్య రెండు కళ్లలో పెట్టి మెత్తేశాడు.

ఎంత పట్టున్నవాడైనా కళ్లు తుడుచుకోవాలంటే ఒక చెయ్యి వదలాలి. పట్టయ్య కుడిచెయ్యి వదిలాడు. పొన్నమ్మ వెంటనే ఎడమచేతి వేళ్ల మీద పొడిచింది. పట్టయ్య కిందికి జారి, తన కోసం ఎదురుచూస్తున్న చీమల కుప్పలో పడ్డాడు. తర్వాత అతను ఎటు పరిగెత్తాడో చూసే తీరిక ఎవరికీ లేదు.

పొద్దుగూకేలోపల గోడ లేచింది. సన్నటి కంత మిగిలింది. కాసిరయ్య ఒక్కో మేడిపండూ పైకి తెచ్చాడు. బాగా మగ్గిన పండు లోపలికి వెళ్లాక, ఒక నాజూకు గొంతు గుటక వేసిన చప్పుడు వినపడింది. అతనికి ఏడుపొచ్చింది.

కోకిలనీ తాబేలునీ నెమలినీ అడగడానికి వెళ్లిన సంగతంతా చెప్పి, తప్పయిపోయిందన్నాడు. తనలాంటివాడికి అలాంటి ప్రశ్న రాకూడదన్నాడు.

"ప్రశ్న రావడం తప్పెలా అవుతుంది?" అంది పొన్నమ్మ. "ఇన్నాళ్లనుంచీ చీకట్లో కూర్చున్నాను, నాకు రాలేదనుకున్నావా? రోజూ వస్తుంది. వచ్చి ఇలా కూర్చుంటుంది. ఈలోపల ఎవరో ఒకరు నోరు తెరుస్తారు. దాన్ని పక్కన కూర్చోబెట్టి వీళ్ల సంగతి చూస్తాను. ప్రశ్నకి బరువేముందయ్యా? పళ్లతోపాటు మోసుకుని రావచ్చుగా."

కాసిరయ్య ఇంకో పండు అందించాడు. కాసేపటికి ఆవిడే, ఇంతకీ వాళ్లలో ఎవరింట్లోనైనా ఇలా లోపలినుంచి తలుపు కొట్టేవాళ్లున్నారా అని అడిగింది. కాసిరయ్య ఆలోచించాడు. కోకిల, తాబేలు, నెమలి. ఒక్కరింట్లోనూ ఎవరూ తట్టలేదు.

వానలు మొదలయ్యే వేళకి పొన్నమ్మకి కొత్త ఈకలు వచ్చాయి. గోడ పగలగొట్టుకుని బయటికి వచ్చింది. ఆవిడ వచ్చీ రాగానే పిల్లలు లోపలినుంచి మళ్లీ గోడ మెత్తేసుకున్నారు. ఎవరూ నేర్పలేదు. వంకరటింకరగా మెత్తినా, కంత మాత్రం సరిగ్గా వదిలారు. ఇప్పుడు ఇద్దరూ తిరుగుతున్నారు.

ఒకరోజు జువ్విచెట్టు మీదికి కొత్తగా ఒక పికిలిపిట్ట వచ్చి వాలింది. వయసులో ఉంది, గూట్లో భార్య గుడ్లు పొదుగుతోంది, మొహం నిండా బెంగ. కాసిరయ్యని చూసి, "బాబాయ్, ఒక మాట. ఇన్నేళ్లుగా ఇదే పని చేస్తున్నారు కదా, మీకు ఇందులో అర్థం కనిపించిందా?" అని అడిగింది.

కాసిరయ్యకి జవాబు చెప్పాలనే ఉంది. కానీ గొంతు నిండా పళ్లు. ఉండమన్నట్టు తలూపి ఎగిరిపోయాడు. పికిలిపిట్ట కూర్చుంది. అతను తిరిగి వచ్చాడు, గొంతు ఖాళీగానే ఉంది, కానీ నోరు తెరిచేలోపల ఒక మంచి పండు కంటపడింది. దాని పక్కన ఇంకోటి. మళ్లీ తలూపి ఎగిరిపోయాడు. ఇలా చాలాసార్లయింది.

"తీరిక దొరికితే చెబుతాడులే అబ్బాయ్" అని పొన్నమ్మ కూడా నోరు నింపుకుంది.

పొద్దు వాలింది. కూర్చుని కూర్చుని పికిలిపిట్టకి ఆకలేసింది. ముక్కుకందిన పండొకటి తిన్నది. తియ్యగా ఉంది. అప్పుడు తన గూడు గుర్తొచ్చింది. అంతకన్నా బాగా మగ్గినదాన్ని వెతికి, ముక్కున కరుచుకుని, జవాబు కోసం ఆగకుండా ఇంటికి వెళ్లిపోయింది.

నీతి: నేనెందుకు పుట్టానని అడిగితే లోకం బదులు చెప్పడానికి తాత్సారం చేస్తుంది. నా కోసం ఎవరు ఎదురుచూస్తున్నారని అడిగితే జవాబు ఆ పూటే దొరుకుతుంది.